అతివాహక అయస్కాంతాలలో క్వెంచ్: రక్షణ వ్యవస్థ, 2008 ప్రమాదం

జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలకు చెందిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 1232 ద్విధ్రువ అయస్కాంతాలు ప్రోటాన్ల మార్గాన్ని వంచుతాయి. నియోబియం-టైటానియం తీగచుట్టలు 1.9 కెల్విన్ వద్ద ద్రవ హీలియంలో ఉంటాయి. 8.33 టెస్లా క్షేత్రానికి దాదాపు 11,850 ఆంపియర్ల విద్యుత్తు అవసరం. అప్పుడు ఒక్కొక్క అయస్కాంతంలో సుమారు 70 లక్షల జౌళ్ల శక్తి నిలువ ఉంటుంది.

తీగ రవ్వంత కదిలినా, పుంజం నుండి తప్పిన కణాలు తగిలినా, తీగలో ఒక చిన్న భాగం వేడెక్కి అతివాహకత్వాన్ని కోల్పోవచ్చు. దీనినే క్వెంచ్ అంటారు. క్వెంచ్ దానంతటది ప్రమాదం కాదు; నిలువ ఉన్న శక్తి అంతా ఆ ఒక్కచోటే ఉష్ణంగా మారడమే ప్రమాదం. ఆ శక్తి దాదాపు 10 కిలోల రాగిని కరిగించగలదు. అందువల్ల రక్షణ వ్యవస్థ చూపుకు విపరీతంగా తోచే పని చేస్తుంది: క్వెంచ్‌ను ఆపదు, చుట్ట అంతటికీ వ్యాపింపజేస్తుంది. 900 వోల్టులకు ఆవేశితమైన కెపాసిటర్లు హీటర్ పట్టీలలోకి విడుదలై తీగచుట్టను వేడిచేస్తాయి. ఈ విద్యుత్ సరఫరా పరికరాలలో సుమారు 5,500 భారత అణుశక్తి విభాగపు సహకారంలో భాగంగా మన దేశం నుండి వెళ్లినవే. ఒక సెక్టారులో 154 ద్విధ్రువాలు శ్రేణిలో ఉంటాయి. క్వెంచ్ అయినదాన్ని తప్పించి విద్యుత్తును డయోడ్ దారి మళ్లిస్తుంది, మిగిలిన వాటి శక్తి బయటి నిరోధకాలలో ఖర్చవుతుంది.

గుర్తించడం అంత సులభం కాదు. విద్యుత్తును సెకనుకు 10 ఆంపియర్ల చొప్పున పెంచేటప్పుడు ప్రేరిత వోల్టేజి ఒక్కటే ఒక వోల్టుకు చేరుతుంది. క్వెంచ్ సంకేతపు పరిమితి 0.1 వోల్టు. కనుక అయస్కాంతపు రెండు భాగాలను పోల్చి, తేడా 10 మిల్లీసెకన్లు నిలిస్తేనే స్పందిస్తారు. రెండూ ఒకేసారి క్వెంచ్ అయితే ఈ పోలిక విఫలమవుతుంది.

అయితే 2008 సెప్టెంబరు 19న లోపం తలెత్తింది తీగచుట్టలో కాదు, రెండు అయస్కాంతాల నడుమ ఉన్న బస్‌బార్ అతుకులో. దాని నిరోధం సుమారు 220 నానో ఓములు. 8,700 ఆంపియర్ల వద్ద అది రెండు మిల్లీవోల్టులకు మించదు. బస్‌బార్ పర్యవేక్షణ పరిమితి నాడు ఒక వోల్టు. వ్యవస్థ దానిని గమనించే అవకాశమే లేదు. విద్యుత్ ఆర్క్ హీలియం పాత్రను చీల్చింది, టన్నుల కొద్దీ హీలియం వెలువడింది, 53 అయస్కాంతాలను సొరంగం నుండి పైకి తేవలసి వచ్చింది.

తరువాత ఆ పరిమితిని 0.3 మిల్లీవోల్టులకు దించారు. ఇరుగుపొరుగు అయస్కాంతాల పోలికతో సమరూప క్వెంచ్‌ను గుర్తించే ఏర్పాటు చేశారు. అతుకులను మాత్రం 2013-14 విరామంలోనే, పది వేలకు పైగా, రాగి షంట్లతో బలపరచగలిగారు. అప్పటివరకు యంత్రం తగ్గించిన శక్తితోనే నడిచింది.