లోఫర్ కొంటున్నారా? ఒక సైజు పెద్దది తీసుకోకండి

మా మేనల్లుడికి పోయిన ఏడాది శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చింది. డ్యూటీకి నల్లటి లెదర్ షూ తప్పనిసరి. వాడు లేసులున్న షూ వద్దని పెన్నీ లోఫర్లు కొన్నాడు. రోజుకు నాలుగైదు సార్లు షూ తీసి వేసుకోవాల్సిన వాడికి లేసులంటే విసుగే కదా. వుజూకు తీయాలి, నమాజ్ గది బయట తీయాలి, ఒక్కోసారి సెక్యూరిటీ వాళ్లు తీసి ట్రేలో పెట్టమంటారు. అక్కడిదాకా వాడి లెక్క కరెక్టే.

తప్పు షాపులో జరిగింది. వాడి పాదం కొంచెం వెడల్పు. 8 నంబరు వేసుకుంటే పక్కలు పట్టేసింది. "ఒక నంబరు పెద్దది తీసుకో భాయ్, ఫ్రీగా ఉంటది" అన్నాడు సేల్స్‌మన్. 9 వేసుకుని రెండడుగులు వేసి, హాయిగా ఉందని డబ్బు కట్టి వచ్చేశాడు. వారం తిరగకుండా రెండు మడమల మీదా బొబ్బలు. షూ జారిపోకుండా వేళ్లు ముడుచుకుని నడిచీ నడిచీ పిక్కలు నొప్పి. మూడు వేల పైచిలుకు రూపాయలు, అదీ మొదటి జీతం రాకముందు అప్పు చేసి పెట్టినవి.

ఈ సలహా లేసుల షూకైతే కొంతవరకు నడుస్తుంది. కాస్త వదులైతే లేసు బిగిస్తాం, లావు సాక్సు వేస్తాం. లోఫర్‌కు బిగించేది ఏదీ లేదు. పాదాన్ని పట్టి ఉంచేది రెండే రెండు చోట్లు: చీలమండ ముందు పాదం ఎత్తుగా లేచే చోట అడ్డంగా ఉండే ఆ పట్టీ, వెనక మడమ. ఈ రెండింటి మధ్య పాదం ఇమిడి ఉండాలి. పొడవు పెరిగితే ఆ పట్టు పోతుంది. అందుకే లోఫర్ కొత్తలో కొంచెం బిగుతుగానే ఉండాలి. నొప్పి పెట్టేంత కాదు, ఎవరో చేత్తో గట్టిగా పట్టుకున్నట్టు.

అసలు తోలు గుణమే అది. అసలైన లెదర్ వాడేకొద్దీ అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు సాగి పాదం ఆకారానికి వస్తుంది. పొడవు మాత్రం సాగదు, ఎందుకంటే కింద సోల్ గట్టిగా పట్టి ఉంచుతుంది. అంటే ఈరోజు పక్కల్లో కొంచెం బిగుతుగా ఉన్నది నెల తర్వాత సరిపోతుంది. ఈరోజే వదులుగా ఉన్నది నెల తర్వాత చెప్పుల్లా టపటపమంటుంది. వేళ్లు ముందు తగులుతున్నది మాత్రం ఎన్నాళ్లు వాడినా తగులుతూనే ఉంటుంది. రెక్సిన్‌తో, అంటే సింథటిక్‌తో చేసినవి పెద్దగా సాగవు. వాటికి ఈ లెక్క వర్తించదు.

మరి వెడల్పు పాదం ఉన్నవాడు ఏం చేయాలి? పొడవు పెంచకుండా వెడల్పు ఉన్న మోడల్ వెతకాలి. బ్రిటిష్ సైజుల్లో ఒక నంబరుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర నంబరుకు 4 మిల్లీమీటర్ల పైన. యూరప్ నంబర్లలో ఒక్కో మెట్టు 6.7 మిల్లీమీటర్లు. 8 నుంచి 9కి దూకితే షూ వంగే చోటు కూడా ముందుకు జరుగుతుంది. మన పాదం వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది, షూ ఇంకోచోట వంగుతుంది. మడమ లేచిపోయేది అందుకే. అర నంబర్లు ఉన్న కంపెనీ దొరికితే మంచిది. షూ మీద జి, హెచ్ లాంటి అక్షరాలు ఉంటే అవి వెడల్పు గుర్తులు. ఒకే కంపెనీలో అక్షరం ముందుకెళ్లేకొద్దీ వెడల్పు పెరుగుతుంది.

ఇందులో మన పాదాల తప్పేం లేదు. మనం వాడే నంబర్లు బ్రిటిష్ వాళ్లవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షకు పైగా మంది పాదాలను కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పు అని అందులో తేలింది. పొడవు సరిపోతే పక్కలు పట్టేయడం, పక్కలు సరిపోతే మడమ జారడం కోట్ల మందికి ఉన్న ఇబ్బందే. ఆ సర్వే ఆధారంగానే 'భ' అనే పేరుతో మనవైన సైజులు ప్రతిపాదించారు.

షాపుకు సాయంత్రం వెళ్లండి. పొద్దంతా నిలబడి నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, డ్యూటీలో ఉండేది ఆ పాదమే. ఏ సాక్సుతో వాడతారో అవే వేసుకెళ్లండి. ముందే ఇంట్లో గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పెద్ద వేలి చివర గుర్తు పెట్టి రెండు పాదాలూ కొలుచుకోండి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దది. పెద్ద దానికి సరిపోయేదే తీసుకోవాలి, చిన్న దానికి తర్వాత సర్దుకోవచ్చు. షాపులో కార్పెట్ మీద కాదు, గట్టి నేల మీద ఐదు నిమిషాలు నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి. కొత్త సోల్ బిర్రుగా ఉంటుంది కాబట్టి మడమ కాస్త కదలడం మామూలే, సోల్ వంగడం అలవాటయ్యాక తగ్గుతుంది. కానీ మడమ మొత్తం బయటికొస్తే, లేదా జారకుండా వేళ్లతో పట్టుకోవాల్సి వస్తే అక్కడే వదిలేయండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే దుప్పటి పరిచి దాని మీదే నడిచి చూడండి. సోల్‌కు మట్టి అంటితే వాపసు తీసుకోవడానికి పేచీ పెడతారు.

ఇదంతా ఆరోగ్యమైన పాదాల మాట. ఇంట్లో అబ్బాకు షుగర్ ఉంటే లెక్క మారిపోతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. షూ ఒరుసుకుని పుండు పడినా తెలియదు. చిన్న బొబ్బతో మొదలైనది వేలు తీసేసేదాకా వెళ్లిన ఇళ్లు మనలో ఉన్నాయి. 'కొత్తలో బిగుతుగా ఉండాలి, తర్వాత సాగుతుంది' అన్న మాట వాళ్లకు అస్సలు చెప్పకండి. పండక్కి సర్‌ప్రైజ్‌గా లోఫర్లు తెచ్చివ్వడం కంటే, డాక్టర్‌ను అడిగి ముందు భాగం వెడల్పుగా, లోపల మెత్తగా, పట్టీతో వదులు చేసుకునేవి తీసుకోవడం మేలు. రాత్రి పడుకునే ముందు ఇంట్లోవాళ్లు ఒకసారి అరికాళ్లు చూడాలి.

పేరు గురించి ఒక మాట. మా అమ్మ ముందు "లోఫర్ కొన్నాను" అంటే ఆమె ముఖం చూడాలి. మన దగ్గర అది తిట్టు. ఇంగ్లిష్‌లోనూ లోఫర్ అంటే పనీపాటా లేకుండా తిరిగేవాడే, మన తిట్టు అక్కడి నుంచి వచ్చిందే. లేసు కట్టే శ్రమ కూడా లేని షూ కాబట్టి ఆ పేరు అతికింది. నార్వేలోని ఔర్లాండ్ ఊరి చెప్పుల పద్ధతి చూసి, అమెరికాలో బాస్ కంపెనీ 1936లో దీన్ని తయారుచేసింది. పట్టీ మీది చిన్న చీలికలో అక్కడి కాలేజీ పిల్లలు ఒక సెంటు బిళ్ల, అంటే పెన్నీ, దోపుకునేవాళ్లట. అదే పెన్నీ లోఫర్. ఆ సెంటు 19 మిల్లీమీటర్లు, మన రూపాయి బిళ్ల అంతకంటే పెద్దది. దోపాలని చూడకండి, తోలు చిరుగుతుంది. అసలే చాలా లెదర్ షూల సోల్ మధ్యలో ఒక స్టీల్ పట్టీ ఉంటుంది. డిటెక్టర్ కూయడానికి అది చాలు.

మన ఇళ్లలో తరచూ వచ్చే ఇంకో ప్రశ్న: ఇది ఏ తోలు? పైన సాధారణంగా ఆవు, గేదె, మేక తోలే ఉంటుంది. అనుమానం లోపలి లైనింగ్ మీద. విదేశీ మోడళ్లలో లైనింగ్‌కు పంది తోలు వాడటం కొత్తేం కాదు. అది పదును పెట్టినా పాక్ కాదని మన ఉలమాలు చెబుతారు. విదేశీ షూ మీద జంతు చర్మం ఆకారంలో బొమ్మ ఉంటే తోలు అని, అల్లిక గళ్లు ఉంటే బట్ట అని, డైమండ్ గుర్తు ఉంటే వేరే పదార్థమని అర్థం. పైభాగానికి, లైనింగ్‌కు, సోల్‌కు విడివిడిగా ఉంటాయి. కానీ ఏ జంతువుదో ఆ గుర్తు చెప్పదు. లైనింగ్‌ను వెలుగులో పెట్టి దగ్గరగా చూడండి. పంది తోలులో వెంట్రుకల రంధ్రాలు మూడు మూడుగా, చిన్న త్రికోణాల్లా ఉంటాయి. తోలు మందమంతా దిగి ఉంటాయి కాబట్టి వెనకవైపూ కనిపించవచ్చు. అయితే పైన రంగు పూత దట్టంగా వేసినా, అచ్చు కొట్టినా ఈ పరీక్ష నమ్మకం కాదు. అప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టి అడగడమే, జవాబు రాకపోతే వేరేది చూసుకోవడమే. తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి వైపు తోలు, షూ వ్యాపారంలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ వైపు సరుకు అమ్మే షాపువాడిని అడిగితే ఏ తోలో చెప్పగలడు.

ఇక వాడకం. లోఫర్ చీలమండలను కప్పదు, దాని మీద మసహ్ కుదరదు, కాళ్లు కడగాల్సిందే. తడి కాళ్లతో అలాగే దూర్చేయకండి. లోపలి తోలు చీకి వాసన వస్తుంది, తడిసిన తోలు అదుపు లేకుండా సాగుతుంది. బ్యాగులో చిన్న టవల్ ఒకటి పెట్టుకోండి. తడిస్తే న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. వీలైతే రోజు మార్చి రోజు వేసుకోండి. ఎయిర్‌పోర్టు లాంటి నున్నటి ఫ్లోర్ మీద తోలు సోల్ జారుతుంది, రబ్బరు సోల్ మేలు. ఈద్‌కు కొని డబ్బాలో దాచేవాళ్లకు ఇంకో హెచ్చరిక: పీయూ సోల్ వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే గాలిలోని తేమకు లోపలే చివికిపోతుంది. పైకి కొత్తగానే ఉండి, నికాహ్ రోజు ఫంక్షన్ హాల్లో పొడిపొడిగా రాలిన సోల్ నేను కళ్లారా చూశాను.

జెడ్డా, దుబాయ్ వెళ్లేవాళ్లు కొత్త లోఫర్లు విమానంలో మొదటిసారి వేసుకోకండి. గంటల తరబడి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. విప్పితే దిగేటప్పుడు మళ్లీ ఎక్కవు. ఉమ్రాకు వెళ్లే మగవాళ్లకు ఇహ్రామ్‌లో ఎలాగూ లోఫర్లు కుదరవు. పాదం పైభాగం కప్పని చెప్పులు చేతి బ్యాగులో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసులో పెట్టి చెక్ ఇన్ చేస్తే మీఖాత్ దాటే వేళకు చేతికి రావు.

మా వాడి 9 నంబరు జత సంగతి: మోచీ దగ్గరికి తీసుకెళ్తే పట్టీ కింద లోపలి వైపు చిన్న ఫెల్ట్ ముక్క అంటించి, ముందు సగానికి పల్చటి ఇన్‌సోల్ వేశాడు. పాదం వెనక్కి నెట్టినట్టయి మడమ జారడం తగ్గింది. పూర్తిగా పోలేదు. పొట్టివైతే ఏ మోచీ పొడవు చేయలేడు, పెద్దవైతే ఈమాత్రం సర్దగలడు. రెండు నెలల తర్వాత వాడు వెడల్పు మోడల్‌లో 8 నంబరు కొన్నాడు. మొదటి వారం ఇంట్లోనే రోజుకు అరగంట వేసుకుని తిరిగాడు. పాత జత ఇప్పుడు జుమాకు మాత్రమే, మసీదు ఇంటి పక్కనే కాబట్టి.