కొరుగేటెడ్ ప్లాస్టిక్ షీటు: తయారగు విధము, చీరెల పెట్టెకు దాని యోగ్యత

పావగడ తాలూకాలో, ముఖ్యముగా వై.ఎన్. హొసకోటలో, పట్టుచీరెలు నేయు కుటుంబములు పెక్కు గలవు. చీరె మగ్గము దిగినది మొదలు బెంగుళూరు అంగడికో, ధర్మవరము వర్తకునికో క్షేమముగా చేరువరకు నేసినవారికి నిశ్చింత లేదు. మన తాలూకాలో వాన తక్కువే. కాని సరకు పోవు దారిలోను, దిగు ఊరిలోను వాన కురియవచ్చును. కాగితపు అట్టపెట్టె తడిసినచో మెత్తబడి, మీది పెట్టెల బరువునకు క్రుంగిపోవును. చెమ్మ తగిలిన జకార్డు అట్టలు ఎట్లు వంకర తిరుగునో మనమెరిగినదే. పెట్టె అట్టయు ఆ జాతిదే. మచ్చపడిన చీరెను వర్తకుడు వాపసు చేయును. దినములకొలది చేసిన కష్టము ఆ యింటివారికే నష్టమగును.

గావున అట్టపెట్టెలకు బదులు కొరుగేటెడ్ ప్లాస్టిక్ షీటుతో చేసిన పెట్టెలు వాడవచ్చునా, ఆ షీట్లను మనమే తయారు చేసికొనవచ్చునా అని సభ్యులు అడుగుచున్నారు. షీటు ఎట్లు తయారగునో తెలిసినచో ఈ రెండు ప్రశ్నలకును జవాబు దొరకును.

షీటు స్వరూపము

బోర్డులు వ్రాయువారు దీనిని సన్‌పాక్ షీటు అందురు. ఇందులో రెండు పలుచని పొరలు, వాని నడుమ వరుసగా నిలిచిన సన్నని గోడలు ఉండును. గోడకు గోడకు మధ్య ఖాళీ గొట్టము. కాగితపు అట్టలో నడిమి పొర అలవలె ముడుతలు పడియుండును. మూడు కాగితములను జిగురుతో అంటింతురు. ప్లాస్టిక్ షీటులో జిగురు లేదు, అతుకు లేదు. అంతయు ఒక్కసారిగా పోతపోసినట్లు వచ్చును.

దీనికి ముడిసరకు పాలిప్రొపిలీన్. చమురు శుద్ధి చేయుచోట లభించు ప్రొపిలీన్ వాయువునుండి ఇది తయారగును. ఆ వాయువును గట్టి ప్లాస్టిక్కుగా మార్చు పద్ధతిని 1954లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో నట్టా సాధించెను. 1963లో ఆయనకును, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కును కలిపి నోబెల్ బహుమతి లభించినది. మన కర్ణాటక రాష్ట్రములోనే మంగళూరు శుద్ధి కర్మాగారము 2015 నుండి ఈ ప్లాస్టిక్ గుళికలను తయారు చేయుచున్నది.

తయారీ

గుళికలను, రంగును, ఎండకు ఓర్చు మందును కలిపి యంత్రపు తొట్టిలో పోయుదురు. క్రింద వేడిచేసిన గొట్టములో పెద్ద మర తిరుగుచుండును. 200 డిగ్రీలు దాటిన వేడికి గుళికలు కరిగి పాకమువలె ముందుకు నెట్టబడును. గొట్టము చివర అచ్చు ఉండును. జంతికల గొట్టములో బిళ్ళ యెట్టిదో జంతిక అట్టిది గదా! ఇచ్చటను అచ్చు చీలికల ప్రకారము రెండు పొరలు, నడిమి గోడలు కలిసియే వెలికి వచ్చును.

వచ్చిన షీటు మెత్తగా నుండును గావున దానిని చల్లని పలకల నడుమ నడిపింతురు. ఆ పలకలు గాలిని పీల్చుచు పై పొరలను తమకు అంటిపెట్టుకొనును. లేనిచో గొట్టములు అణగిపోవును. పిమ్మట షీటు వంగిపోకుండ మరల కొంచెము వేడిచేసి చల్లార్చి, సిరా అంటుటకై పైభాగమునకు విద్యుత్ స్పర్శ కలిగించి, కావలసిన పొడవునకు కోయుదురు.

ఈ యంత్రమును తరచుగా ఆపి నడపుటకు వీలులేదు. కరెంటు పోయినచో లోపలి పాకము చల్లబడి బిగిసిపోవును. మరల సరియైన షీటు వచ్చువరకు సరకు వృథా. పెట్టుబడియు చిన్న సంఘము మోయగలది కాదు. కాని కొన్న షీటును కోసి, మడిచి, పెట్టెగా కుట్టుట వేరు పని. దానికి బల్ల, ఉక్కు బద్ద, కత్తి, మడత వేయు వేడి బద్ద, తీగతో కుట్టు పనిముట్టు చాలును.

పడుగు, పేక

గొట్టములు పోవు దిక్కును పడుగు అనుకొనుడు, అడ్డము పేక. పడుగు వెంబడి షీటు సులభముగా మడుగును. పేక దిక్కున మడవవలెనన్న వేడి బద్దతో గాడి వేయవలెను. లేనిచో గోడలు నలిగి మడత వంకరపోవును. పెట్టె ప్రక్క గోడలలో గొట్టములు నిలువుగా నుండవలెను. అవి స్తంభములవలె మీది బరువు మోయును. అడ్డముగా వేసిన పెట్టె త్వరగా క్రుంగును.

మందముతో పాటు చదరపు మీటరు బరువును కూడ అడిగి కొనవలెను. 3 మిల్లీమీటర్ల షీటు 600 గ్రాములు తూగినదనుకొనుడు. అదే మందముగల గట్టి ప్లాస్టిక్ పలక 2,700 గ్రాములు తూగును. ఖాళీ వలననే ఇంత తేలిక. కాని మరీ తేలికయైనచో పొరలు పలుచనై చినుగును.

లెక్క

45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 30 ఎత్తుగల మూతపెట్టెకు సుమారు ఒక చదరపు మీటరు షీటు పట్టును. ఉదాహరణకు ప్లాస్టిక్ పెట్టె 200 రూపాయలు, అట్టపెట్టె 40, ఖాళీ పెట్టె తిరిగివచ్చుటకు 15 రూపాయలు అనుకొందము. అట్టపెట్టె ఒక ప్రయాణమునకే సరి. ప్లాస్టిక్ పెట్టె తిరిగివచ్చిన ప్రతిసారి 25 రూపాయలు మిగులును. ఎనిమిది సారులకు దాని ధర తీరును. తొమ్మిదవసారి నుండి లాభము. తిరిగిరాని పెట్టె వలన మొదటిసారియే నష్టము. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్కనే చూచుకొనుడు.

జాగ్రత్తలు

ఈ షీటు నీటిని పీల్చదు. చెదలకు ఆహారము కాదు. కాని బయటి తడిని ఆపు పెట్టె లోపలి తడిని కూడ పోనీయదు. చీరె పూర్తిగా ఆరిన పిమ్మటనే పలుచని నూలుగుడ్డలో చుట్టి పెట్టవలెను. గొట్టముల తెరచిన కొసలలో దుమ్ము, పురుగు చేరును గనుక వానిని వేడితోనో, టేపుతోనో మూయవలెను.

తిరుమణి పరిసరములలో 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల విద్యుత్తు నిచ్చు మన ఎండయే ప్లాస్టిక్కునకు శత్రువు. ఎండకు ఓర్చు మందు కలపని షీటు ఆరుబయట పడియుండిన పెళుసై విరుగును. పెట్టెలను నీడలోను, పొయ్యికి దూరముగాను ఉంచవలెను.

ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. మరల మరల వాడు పెట్టె ఆ జాబితాలోనిది కాదు. అయినను విరిగినదానిని కాల్చరాదు. ఈ ప్లాస్టిక్కునకు గుర్తు త్రికోణములో 5 అంకె. పాతసామానువారికి ఇచ్చినచో కరిగించి మరల గుళికలు చేయుదురు.

మనము చేయదగినది

షీటు తయారీ మనకు తగిన పని కాదు. పెట్టె తయారీ తగును. అదియు పెట్టె తిరిగివచ్చు చోటికే. నమ్మకమైన ఒక్క వర్తకునితో ముందుగా మాటలాడి, పది పెట్టెలతో ప్రారంభింపవచ్చును. ప్రతి పెట్టె మీద సంఖ్య వేసి, పోయిన తేదీ, వచ్చిన తేదీ పుస్తకములో వ్రాయుడు. ఆరు మాసములు గడచిన పిమ్మట ఆ పద్దు చూచి, ఇంకను కొనవలెనా, మానవలెనా అని సర్వసభ్య సమావేశములో అందరు కలిసి నిర్ణయించుట మేలు.