వానకు తడిసిన పాత టెలివిజన్: చేయదగినవి, చేయరానివి



సేద్యపు విషయములు తెలుపు టెలివిజన్ మన పల్లెలకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా వచ్చిన వ్యవసాయ కార్యక్రమములను మహబూబ్‌నగర్ జిల్లా గ్రామములలో జనులు ఒకచోట కూడి చూచిరి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. నేటికిని ఆలేరు పరిసరములలో కొందరి ఇళ్లలో వెనుక ఉబ్బెత్తుగా ఉండు పాత పెట్టెలు డిష్‌కు కలిపి పనిచేయుచునే ఉన్నవి. 2020 అక్టోబరు 13 నాటి వంటి కుండపోతలో ఇల్లు కురిసి పెట్టె తడిసినచో ఏమి చేయవలెను?

నీరు చేయు హాని: వాన నీరు పెంకుల మీది దుమ్మును, గోడల లవణములను కడుగుకొని వచ్చును. అట్టి నీటిగుండా విద్యుత్తు సులభముగా పారును. తడి ఆరకముందే స్విచ్ వేసినచో కరెంటు పోరాని దారిన పోయి భాగములను కాల్చివేయును. మా ఇంటనే ఒకసారి ఈ పొరపాటు జరిగినది. తడిసిన పెట్టెను పైపైన తుడిచి, పనిచేయునేమో చూతమని స్విచ్ వేసితిమి. చిటపటమని శబ్దము వచ్చి, కాలిన వాసనతో ఆగిపోయినది. ఒక వారము ఓపిక పట్టియుండిన బాగుపడెడిదేమో!

మొదట చేయవలసినది: నేల తడిగా ఉన్నచో పెట్టెను గాని ప్లగ్గును గాని తాకరాదు. పొడి చోట నిలిచి ఇంటి మెయిన్ స్విచ్ ఆపవలెను. తరువాతనే ప్లగ్గును, డిష్ తీగను తీయవలెను. పెట్టె బరువంతయు అద్దము వైపే ఉండును. కావున అద్దమును రొమ్ము వైపు ఉంచుకొని ఇద్దరు కలిసి మోయవలెను.

వెనుక మూతను మీరు విప్పరాదు: రంగుల పెట్టెలోని పిక్చర్ ట్యూబుకు ఇరువది వేల వోల్టులకు పైగా విద్యుత్తు అందును. ప్లగ్గు తీసిన తరువాత కూడ అది ట్యూబులో చాలసేపు, ఒక్కొక్కప్పుడు దినములకొలది నిలిచియుండును. లోపలి పెద్ద కెపాసిటర్‌లోను సుమారు 300 వోల్టులు మిగిలియుండవచ్చును. ఇది ప్రాణాపాయము.

ఆరబెట్టు విధము: వేరుసెనగ కాయ పైపొట్టు ఆరినంత మాత్రమున లోని గింజ ఆరదని మీరెరుగుదురు. పెట్టె సంగతియు అంతే. నీడలో, గాలి తగులుచోట బల్లపై ఉంచి, ఫ్యాను గాలి తగులునట్లు కనీసము ఒక వారము ఆరనీయవలెను. తీవ్రమైన ఎండలోను, పొయ్యి దగ్గరను ఉంచరాదు; ప్లాస్టిక్ భాగములు వంగిపోవును.

మెకానిక్ చేయు పని: నీరు ఆరినను లవణము, మట్టి లోపలనే మిగులును. కావున పెట్టె ఆరినదని స్విచ్ వేయక మెకానిక్‌కు చూపవలెను. అతడు ముందుగా ట్యూబులోని విద్యుత్తును తీసివేయును. పిదప బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రము చేసి మరల ఆరబెట్టును. చిలుము పట్టిన అతుకులను సరిచేయును. చివరకు ఒక బల్బును వరుసలో కలిపి కరెంటు ఇచ్చును. బల్బు వెలిగి మసకబారినచో మంచి గుర్తు. ప్రకాశముగా వెలుగుచునే ఉన్నచో లోపల షార్టు ఉన్నదని అర్థము. బల్బు అడ్డుండుటచే భాగములు కాలిపోవు.

ఎప్పుడు ఆశ వదలుకొనవలెను: బురద నీటిలో పూర్తిగా మునిగినను, ట్యూబు పగిలినను ఖర్చు పెట్టుట దండుగ. అయితే దానిని పొలము గట్టున పారవేయరాదు, పగులగొట్టరాదు, కాల్చరాదు. ట్యూబు గాజులో సీసము కలదు. అది నేలకు, నీటికి చెరుపు. ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికే ఈయవలెను.

బావివద్ద తడిసిన మోటారు స్టార్టరుకును ఈ సూత్రమే వర్తించును. ముందు కరెంటు ఆపుట, పూర్తిగా ఆరనిచ్చుట, తెలిసినవానిచే పరీక్ష చేయించుట, ఆ పిమ్మటనే స్విచ్ వేయుట. పెట్టె పోయిన మరొకటి కొనవచ్చును. ఇంటి యజమాని పోయిన తిరిగి రాడు.