అడవి మన పొరుగిల్లు



ఈ పూట మనం చెప్పుకోబోయే ముచ్చట ఇరుగుపొరుగు గురించి. ఇరుగుపొరుగంటే గోడకవతలి వదినెగారు, పక్క క్వార్టరులోని పిన్నిగారు కాదు. ఒక రోడ్డుకవతలో, ఒక గుట్టకవతలో కాపురముంటున్న దుప్పులు, కోతులు, కొండెంగలు, అడవిపందులు, అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వచ్చిపోయే గుడ్డెలుగులు, పులులు. వీటితో ఎట్లా మసలుకోవాలన్నదే ఇవాళ్టి విషయం.

మందమర్రి అనగానే బయటివాళ్ళకు బొగ్గుబావులే గుర్తుకొస్తాయి. కాని నేల కింద బొగ్గు ఉన్నట్టే నేల మీద టేకు అడవి ఉన్నది. ఒక్కసారి మన చుట్టూ చూడండి. పడమటికి పోతే జన్నారం, కవ్వాల అడవులు. కవ్వాలను 1965లో అభయారణ్యం చేశారు, 2012లో పులుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. తూర్పున చెన్నూరు దాటితే ప్రాణహిత ఒడ్డున కృష్ణజింకలు తిరిగే అభయారణ్యం. ఉత్తరాన కాగజ్‌నగర్ అడవులు, వాటికవతల మహారాష్ట్రలో చంద్రపూరు దగ్గరి తాడోబా. ఈ అడవులన్నీ ఒకదానికొకటి చుట్టాలు. తాడోబాలో ఇరుకైతే పులి ఏరు దాటి కాగజ్‌నగర్ వైపు వస్తుంది, అక్కడినుంచి కవ్వాలకు దారి వెతుక్కుంటుంది. ఆ దారుల మధ్యనే మన కాలనీలు, బావులు, కాజీపేట–బల్లార్షా రైలుపట్టాలు, మంచిర్యాల నుంచి చంద్రపూరుకు పోయే నాలుగు వరసల పెద్దరోడ్డు ఉన్నాయి. అంటే మన ఊరు వాటి తోవలో ఉన్నదన్న మాట.

2014లో మన తెలంగాణకు రాష్ట్ర జంతువుగా చుక్కల జింకను ఎంచుకున్నారు. మన దిక్కు దాన్నే దుప్పి అంటాము. పిల్లలకు బొమ్మలో చూపించి మురిసిపోతాము. ఆ మురిపెంతోనే కొన్నిసార్లు దానికి కీడు చేస్తున్నాము. అదెట్లాగో చెబుతాను.

మొదట తిండి సంగతి. రోడ్డు పక్కన దుప్పి కనబడగానే కారాపి బ్రెడ్డు ముక్క, బిస్కట్టు, మిగిలిన అన్నం వేసేవాళ్ళున్నారు. పుణ్యమనుకుంటారు. దుప్పి కూడా ఆవు, మేకలాగా నెమరువేసే జంతువే. దాని కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి గదిలో కంటికి కనబడని కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని, ఆకును నిదానంగా పులియబెట్టి అరిగిస్తాయి. మన ఇడ్లీపిండి తోడుకున్నట్లే అనుకోండి. పిండికి ఎంతసేపు, ఎంత వేడి కావాలో మనకు లెక్క తెలుసు. లెక్క తప్పితే పొంగి గిన్నె దాటుతుంది, పులిసి ముక్కు పగులుతుంది. దుప్పి కడుపులో ఒక్కసారిగా అన్నము, బ్రెడ్డు పడితే జరిగేదీ అదే. పులుపు మితిమీరి కడుపుబ్బుతుంది, గడ్డి అరిగించే జీవులు చచ్చిపోతాయి, ఒక్కోసారి దుప్పే చచ్చిపోతుంది. మనం పెట్టిన బుక్కెడు దానికి విషమవుతుంది.

ఇక ప్లాస్టిక్కు సంచులు. జపాన్‌లో నారా అని ఒక పట్నమున్నది. అక్కడ జింకలు ఊరి నడుమ, గుళ్ళ దగ్గర మనుషుల మధ్య తిరుగుతాయి. వాటికోసమే చేసిన అప్పచ్చులు అమ్ముతారు, చూడవచ్చినవాళ్ళు కొని తినిపిస్తారు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది గదా! కాని 2019లో అక్కడ చనిపోయిన జింకలను కోసి చూస్తే కొన్నింటి కడుపుల్లో ప్లాస్టిక్కు ముద్దలు బయటపడ్డాయి. ఒక్కదాని కడుపులోనే 4 కిలోల పైచిలుకు! తిండివాసన తగిలిన సంచిని తిండే అనుకుని మింగినవి. నెమరువేసే జంతువుకు ఆ సంచి అరగదు, బయటికీ పోదు. కడుపు నిండినట్లే ఉండి ఆకలితో చస్తుంది. మనం కూరగాయల తొక్కులు సంచిలో ముడివేసి గోడవతలికి విసురుతామే, దాని కథ అక్కడితో ముగియదు సుమా.

ఆ విసిరిన చెత్త ఇంకొక గొలుసు కూడా తయారుచేస్తుంది. చెత్తకుప్పకు ముందు వీధికుక్కలు చేరుతాయి, రాత్రిపూట అడవిపందులు వస్తాయి. కుక్కలు బలిస్తే గుంపు కడతాయి. గుంపుకట్టిన కుక్కలకు దుప్పి దొరికితే వదలవు. 2025లో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం పక్కనున్న అడవిలాంటి భూమిని యంత్రాలతో చదును చేయడం మొదలుపెడితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపుచేయించింది. ఆ రోజుల్లోనే ఆ ప్రాంతంలో ఒక జింక కుక్కల పాలబడి చనిపోయిన వార్త మీలో చాలామంది చదివే ఉంటారు. నీడ పోయిన జింకకు ఊరే అడవి కన్న భయంకరమైన చోటు. కుక్కలను తిట్టి లాభం లేదు. వాటిని గుంపులు గుంపులుగా పోషించేది మన చెత్తే. తొక్కులు పెరట్లోనే గుంత తీసి పూడిస్తే రెండు నెలల్లో చెట్లకు మంచి ఎరువవుతుంది. తక్కినది బండి వచ్చినప్పుడే బయట పెట్టాలి గాని ముందురాత్రి వాకిట్లో పెట్టవద్దు.

కోతుల బాధ మీకు నేను చెప్పనక్కరలేదు. ఆరబెట్టిన వడియాలు, పప్పులు, జామచెట్టు, ఆఖరికి ఫ్రిజ్జు తలుపు వరకు వాటి రాజ్యమే. ఆంజనేయస్వామి రూపమని అరటిపండు చేతికిచ్చేదీ మనమే, మర్నాడు కట్టె పట్టుకుని తరిమేదీ మనమే. కోతికి ఈ రెండు చేతుల తేడా తెలియదు. ఒక చేతిలో పండు దొరికితే ప్రతి చేతిలోనూ ఉంటుందనుకుంటుంది, లేకపోతే మీదపడి వెతుకుతుంది. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల సంరక్షణ కేంద్రం పెట్టారు. పట్టుకొచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి అడవిలో వదిలే ఏర్పాటది. మంచిదే, కాని మనం పెట్టడం మానకపోతే ఏ కేంద్రమూ చాలదు. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి: కోతి ఎదురైతే కళ్ళలోకి చూడకూడదు, పళ్ళు బయటపెట్టి నవ్వకూడదు. మనకది నవ్వు, దానికి కయ్యానికి పిలుపు. కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి దవాఖానకు పోయి రేబిస్ సూదిమందు వేయించుకోవాలి. పసుపో, సున్నమో అద్ది ఊరుకోవద్దు.

ఇప్పుడు అన్నిటికన్న మనసును కదిలించే విషయానికొస్తాను. కట్టెలకో, తునికాకుకో, సరదాగా గుట్టెక్కడానికో పోయినవాళ్ళకు పొదలో ఒంటరిగా ఒక దుప్పిపిల్ల కనిపిస్తుంది. కదలదు, మెదలదు. కళ్ళు మాత్రం మనల్నే చూస్తుంటాయి. అయ్యో, తల్లిలేని పిల్ల అని ఎత్తుకుని ఇంటికి తెచ్చేస్తారు. ఆడవాళ్ళం గనుక మనకు ఆ జాలి ఇంకొంచెమెక్కువ.

భాగవతంలో జడభరతుడి కథ మీకు తెలిసిందే. రాజ్యం వదులుకున్నవాడు ఒక లేడిపిల్లను వదులుకోలేక మరుజన్మలో లేడిగా పుట్టాడు. అయితే ఆయన ఎత్తుకున్న పిల్లకు తల్లి నిజంగానే లేదు. మనకు కనిపించే పిల్ల సంగతి వేరు. ఈనిన మొదటి వారాల్లో దుప్పి తన పిల్లను పొదలో దాచి తాను దూరంగా మేస్తుంది. పిల్ల దగ్గరే నిలబడితే తన వాసన పట్టి జంతువులు వస్తాయని దానికి తెలుసు. పిల్ల కూడా కదలకుండా పడుకోవడమే తన రక్ష. తల్లి వేళకు వచ్చి పాలిచ్చి మళ్ళీ పోతుంది. మనం కారుణ్యమనుకుని ఎత్తుకొస్తే, సాయంత్రం పొదుగు నింపుకుని వచ్చిన ఆ తల్లికి ఖాళీ పొద కనిపిస్తుంది. ఇంతకన్న చెప్పాలా?

పైగా సీసాపాలతో పెంచిన పిల్లకు గేదెపాలు సరిపడక విరేచనాలు పట్టుకుంటాయి. బతికినా మనిషిని చూసి భయపడడం మరచిపోతుంది, ఇక అడవికి పనికిరాదు. మగదైతే కొమ్ములొచ్చాక పెంచినవాళ్ళనే పొడుస్తుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం కూడా. అందుచేత పిల్ల కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫోటోల కోసం చుట్టూ చేరవద్దు. వచ్చిన దారినే నిశ్శబ్దంగా వెనక్కి రావాలి. గాయమున్నా, పక్కనే తల్లి చచ్చిపడి ఉన్నా అటవీశాఖవారికి చెప్పాలి.

పెద్ద దుప్పి ఊళ్ళోకొస్తే ఏం చేయాలి? పిల్లలు కేకలు వేస్తూ వెంటపడతారు, మగవాళ్ళు తాళ్ళతో పట్టుకుని ‘కాపాడామ’ని సంబరపడతారు. దుప్పి గుండె బహు సున్నితం. బెదిరి పరుగెత్తి, పట్టుబడి పెనుగులాడితే దాని కండరాలు లోపలే దెబ్బతింటాయి. పైకి గాయముండదు. కొన్ని గంటలకో, మర్నాటికో చచ్చిపోతుంది. అందుకని పిల్లలను లోపలికి పిలిచి, కుక్కను కట్టేసి, అడవివైపు దారి వదిలి, అటవీశాఖకు ఫోను చేయడమే అసలైన సహాయం. 2023 ఆగస్టులో కరీంనగర్‌లోకి ఒక ఎలుగుబంటి వచ్చినప్పుడు ఆ శాఖవారే మత్తుమందిచ్చి పట్టుకుపోయారు. అది వాళ్ళు నేర్చిన పని.

రోడ్డు సంగతి మన ఇంట్లోని మగవాళ్ళకు, బండ్లు నడిపే పిల్లలకు చెప్పవలసింది. దుప్పులు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఎక్కువగా కదులుతాయి. మన షిఫ్టులు మారే వేళలు కూడా ఇంచుమించు అవే. జింక కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, చీకట్లో కొద్దివెలుతురుతోనే చూడడానికి. దాని మీద హెడ్‌లైటు పడితే కళ్ళు జిగేల్మని ఎటు పోవాలో తెలియక నడిరోడ్డు మీదే నిలబడిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి పోయేలోపలే 22 మీటర్లు! 40లో పోతే అది 11 మీటర్లే. లైటు తగ్గించి, నిదానించి, దారివ్వాలి. ఒకటి దాటింది గదా అని వేగం పెంచవద్దు, దుప్పి మందగా తిరుగుతుంది, వెనక ఇంకొకటి ఉంటుంది. నాగపూరు వైపు పెద్దరోడ్డు మీద పెంచ్ అడవి దగ్గర జంతువులు కిందినుంచి దాటేట్టు వంతెనలు కట్టారు. వాటి కిందినుంచి దుప్పులు, పందులే కాదు, పులులు కూడా దాటుతున్నట్లు అక్కడ పెట్టిన కెమెరాలలో పడింది. దారి చూపిస్తే జంతువు నేర్చుకుంటుంది. అటువంటి వంతెన లేనిచోట మన బ్రేకే దానికి వంతెన.

చివరగా, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పని మాట. అడవిపందులు చేను తవ్విపోస్తే రైతు కడుపు మండుతుంది, అది నిజమైన నష్టమే. కాని కొందరు పంది కోసమని, మాంసం కోసమని చేలల్లో, అడవి అంచున కరెంటు తీగలు పరుస్తున్నారు. తీగకు పంది ఎవరో, దుప్పి ఎవరో, రాత్రి నీళ్ళు కట్టడానికి పోయే మనిషెవరో తెలియదు. 2019 జనవరిలో మన మంచిర్యాల జిల్లాలోనే ఒక పులిచర్మం పట్టుబడింది. పందుల కోసం పెట్టిన కరెంటు తీగకే ఆ పులి బలయిందని తేలింది. ‘దుప్పిమాంసం దొరికింది అక్కా, ఒక కిలో ఇమ్మంటారా?’ అని రహస్యంగా గడప దాకా వచ్చేవాళ్ళుంటారు. కొనేవాళ్ళుంటేనే ఆ తీగ పరుస్తారు. మన వంటింట్లో వద్దన్న మాట అడవిలో ఒక తీగను తీసేస్తుంది.

పులి చస్తే మంచిదే గదా అనే తల్లులూ ఉన్నారు. వాళ్ళ భయాన్ని నేను తేలికగా తీసుకోను. 2020 నవంబరులో మన పొరుగు ఆసిఫాబాద్ జిల్లాలో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ణి, పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో ఒక అమ్మాయిని పులి చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తిచేనులో ఒక యువతి బలయింది. ఆ ఇళ్ళ దుఃఖానికి మాటలు చాలవు. వంగి పనిచేసే మనిషి పులికి జంతువులాగే తోస్తుంది. అందుకే పత్తి ఏరేటప్పుడు గుంపుగా ఉండాలని, మాట్లాడుకుంటూ ఉండాలని, తెల్లవారకముందు, పొద్దుగూకిన తరవాత చేనుకు పోవద్దని చెబుతారు. పులి వెనకనుంచి వస్తుంది గనుక తల వెనక మనిషి ముఖం బొమ్మ తగిలించుకోవడం కూడా అక్కడ మొదలుపెట్టారు. ఇదంతా చేస్తూనే ఒకటి ఆలోచించండి. అడవిలో దుప్పి ఉంటే పులికి అడవిలోనే అన్నముంటుంది. దుప్పిని మనం వండుకుంటే పులి మన పశువులకొట్టం దగ్గరికొస్తుంది. దుప్పి బతుకులో మన పిల్లల క్షేమం కూడా ఉన్నది.

మంచి పొరుగంటే పొద్దస్తమానం ఇంట్లో దూరడం కాదు, గోడమీద రాళ్ళు వేయడమూ కాదు. ఎవరి గడప వాళ్ళకు ఉంచి, ఆపదలో కబురందించడం. అడవి పొరుగుకూ అదే మర్యాద. చేతిలో తిండి పెట్టకండి, చెత్త విసరకండి, పిల్లను ఎత్తుకోకండి, దొంగమాంసం కొనకండి. మీ దగ్గరి అటవీశాఖ రేంజి కార్యాలయం ఫోను నంబరు కనుక్కుని వంటింటి క్యాలెండరు మీద, గ్యాసు నంబరు పక్కనే రాసిపెట్టుకోండి. అది దొరకకపోతే 112కు చేసినా వాళ్ళకు కబురందిస్తారు.

అడవి జంతువుల మీద ప్రేమ చూపించాలంటే దూరంగా ఉండి చూపించాలి.