కాపురపు వ్యాజ్యములు: ఉద్దానమున వకీలు చదువు

1913వ సంవత్సరమున బరంపురమునకు చెందిన వరాహగిరి వేంకటగిరి అను యువకుడు న్యాయశాస్త్రము నభ్యసించుటకై ఐర్లండు దేశమునకు ఓడ నెక్కెను. డబ్లిను నగరమున చదివి, 1916లో స్వదేశమునకు మరలివచ్చి, బరంపురముననే వకాల్తాలు పుచ్చుకొనసాగెను. 1952లో పాతపట్నము నుండి లోకసభకు ఎన్నికై, 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వి.వి. గిరి ఆయనయే. ఆ దినములలో సముద్రము దాటివచ్చిన బారిస్టరునకును, ఇక్కడ చదివిన వకీలునకును నడుమ అంతస్తుల భేదముండెడిది. 1961నాటి న్యాయవాదుల చట్టము ఆ భేదమును తుడిచివైచినది.

నేడు పలాస, టెక్కలి ప్రాంతముల విద్యార్థి కుటుంబ న్యాయమున ప్రావీణ్యము గడింపవలెనన్న ఓడ నెక్కనక్కరలేదు. ఇంటరు పిమ్మట ఐదేండ్లు గాని, డిగ్రీ పిమ్మట మూడేండ్లు గాని న్యాయవిద్య. ఆపైన రాష్ట్ర బారు కౌన్సిలులో నమోదు, అఖిల భారత బారు పరీక్ష. ఇంతవరకు అది రాజమార్గమే. అసలు చదువు సీనియరు గారి గదిలో, కట్టలు మోయుటతోను, వాయిదాలు వ్రాసికొనుటతోను ఆరంభమగును. కక్షిదారు "బాబూ" అని మొదలిడి చెప్పునది కథ. కోర్టు కోరునది తేదీలు, ఆధారములు. ఆ కథను మధ్యలో త్రుంచక విని, అందుండి తేదీలను ఏరుకొనుట ఏ కళాశాలయు పూర్తిగా నేర్పజాలదు.

ఉద్దానమున ఆ కథలకు ఒక ప్రత్యేకత కలదు. పలాస జీడి కార్ఖానాలలో భార్య పిక్కలు ఒలుచుచుండును. భర్త కూలికై విశాఖకో, చెన్నపట్నమునకో, అండమానునకో పోయియుండును. తీరపు మత్స్యకారుడైనచో గుజరాతులోని వెరావలు రేవున పడవ నెక్కియుండును. కొన్నాళ్లు సొమ్ము వచ్చును, పిమ్మట ఉత్తరమైనను రాదు. 2003నకు పూర్వము ఇట్టి భార్య హిందూ వివాహ చట్టము క్రింద దావా వేయవలెనన్నచో వివాహము జరిగిన చోటనో, ప్రతివాది నివసించు చోటనో, దంపతులు కడపట కలిసి కాపురమున్న చోటనో వేయవలసియుండెను. ఆ ఏటి సవరణచే తానున్న చోటనే వేయు హక్కు ఆమెకు లభించినది. మనోవర్తి విషయమున మేజిస్ట్రేటు నాశ్రయించుటకు ఈ సౌకర్యము ముందునుండియు కలదు. చాలకాలము 125వ సెక్షనుగా వకీళ్ల నోట నానిన ఆ నిబంధన, 2024 జూలై 1 నుండి కొత్త నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది.

2020లో సుప్రీముకోర్టు రజనేష్, నేహా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, భార్యాభర్త లిరువురును తమ ఆస్తిపాస్తులను, అప్పులను, రాబడిని ప్రమాణపత్రముపై తెలుపవలెనని శాసించినది. నెలజీతగాని లెక్క సులభము. ఉద్దానపు రైతు లెక్క యెట్లు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. కొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. పాసుపుస్తకములో భూమి యుండును, చేతిలో రాబడి యుండకపోవచ్చును. లేదా తుపాను పేరు చెప్పి ఉన్న రాబడిని దాచువాడును ఉండవచ్చును. ఈ రెంటిని వేరు చేయుటకు జూనియరు అడంగలు చూచి, తోటకు పోయి, నిలిచిన చెట్లను లెక్కింపవలసినదే. ఇక ఆ భర్త ఈ ప్రాంతమును పీడించు మూత్రపిండ వ్యాధికి లోనై డయాలిసిసుపై బ్రతుకుచున్నచో, "తగిన స్తోమతు" అను చట్టపు మాటకు అర్థమేమి? ఇట్టి చోట సీనియరు సైతము కొంత తడవు మౌనము వహించును.

సముద్రతీరము నుండి పడమటికి మందస, మెళియాపుట్టి కొండల వైపు పోయినచో చట్టమే మారిపోవును. హిందూ వివాహ చట్టపు రెండవ సెక్షను, కేంద్రప్రభుత్వము వేరుగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు ఆ చట్టము వర్తింపదని చెప్పుచున్నది. సవర దంపతుల తగవు వారి ఆచారమునుబట్టి తేలవలెను. కక్షిదారుని తెగ యేదో అడుగక విడాకుల పిటిషను టైపు చేయించిన జూనియరునకు మొదటి పాఠము న్యాయమూర్తి పీఠమునుండియే లభించును.

అంతకంటె ప్రమాదకరమైనది మైదానపు ఊళ్లలోని పెద్దమనుషుల కాగితము. స్టాంపు కాగితముపై ఇరుపక్షముల వేలిముద్రలు వేయించి, "నేటితో తెగినది" అనిపింతురు. కులాచారమున విడాకులున్నచో 29వ సెక్షను దానిని మన్నించును. కాని ఆచారము అనాదిగా, నిలకడగా, నిశ్చితముగా ఉన్నదని సాక్ష్యముతో రుజువు చేయవలెను. రుజువు కాకున్నచో ఆ కాగితమునకు విలువ లేదు. దానిని నమ్మి చేసిన రెండవ పెండ్లి చెల్లదు. ఆ రెండవ సంబంధమున పుట్టిన బిడ్డలకు 16వ సెక్షను న్యాయమైన సంతానమను రక్షణ నిచ్చినది గాని, ఆ తల్లికి భార్య యను స్థానము నీయలేదు. కావున పెండ్లి నిశ్చయించుకొనుటకు ముందే వచ్చి ఆ కాగితము చూపిన స్త్రీకి వకీలు చెప్పు ఒక్క మాట ఆమె జీవితమంత విలువైనది.

కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని తొలుత పట్టుపట్టినవారిలో తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యురాలు. ఎనిమిదవ యేట పెండ్లియై, పెద్దదైన పిమ్మట ఆ బంధమును తానే విడనాడి, మదరాసున న్యాయవాదియైన ఆమె, 1953లో చైనా పర్యటించి అట్టి న్యాయస్థానములను గూర్చి తెలిసికొని వచ్చి నెహ్రూకు విన్నవించెను. ఆమె 1981లో కన్నుమూసెను. చట్టము 1984లో వచ్చెను. చిత్రమేమనగా, ఆ చట్టపు 13వ సెక్షను ప్రకారము కుటుంబ న్యాయస్థానమున వకీలును పెట్టుకొనుట కక్షిదారుల హక్కు కాదు, న్యాయస్థానము అనుమతింపవలెను. వకీలు నోరు నొక్కు చట్టమని కొందరు జూనియర్లు నిష్ఠురమాడుట కద్దు. ఆ నిష్ఠురము సబబు కాదు. బిడ్డ యెవరియొద్ద పెరుగవలెనో తేల్చుచోట వాగ్ధాటి కంటె సరిగా వ్రాసిన పిటిషను ఎక్కువ పని చేయును.

1987నాటి న్యాయసేవల చట్టముచే స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. జీడి కార్ఖానాలోని కూలిస్త్రీ పిటిషను అట్లు యువ న్యాయవాది బల్లపైకి రావచ్చును. మధ్యంతర మనోవర్తి కోరిన దరఖాస్తును సాధ్యమైనంతవరకు అరువది దినములలో తేల్చవలెనని చట్టము. ఆ గడువు ప్రతివాదికి నోటీసు అందిన దినము నుండి లెక్క. కావున జూనియరు మొదట చేయవలసిన పని చట్టపు గ్రంథము తెరచుట కాదు. వెరావలు రేవునకు పోయిన ఆ భర్త ఏ యజమాని పడవపై నున్నాడో, అదే ఊరినుండి వెళ్లిన తోటివారి ఇండ్లకు పోయి విచారించి, చిరునామా సంపాదించుట.