విషపు బురదలో సిమెంటు ఎందుకు కలుపుతారు?



కొన్ని ఫ్యాక్టరీల బురదలో సీసం, క్రోమియం లాంటి లోహాలుంటాయి. కాల్చినా అవి నశించవు. బయట పారబోస్తే వాననీళ్ళతో నేలలోకి దిగుతాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో మనకు బోరు నీళ్ళే కదా ఆధారం!

అందుకే ఆ బురదలో సిమెంటు, సున్నం కలుపుతారు. సున్నం వల్ల చాలా లోహాలు నీళ్ళలో సులభంగా కరగని రూపానికి మారతాయి. సిమెంటు గట్టిపడి వాటిని కదలనివ్వదు. ముక్కను పలుచని ఆమ్లంలో సుమారు 18 గంటలు తిప్పి, విషం హద్దు మీరి దిగడం లేదని తేలాకే, అడుగున పొరలు పరిచిన గుంతలో పూడుస్తారు. బెంగళూరు దగ్గర దాబస్‌పేటలో, హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో ఇలాంటి చెత్తకు కేంద్రాలున్నాయి.

ఇంట్లో ఈ పని చేయలేం. బండి, యూపీఎస్ బ్యాటరీల్లో ఉండేదీ సీసమే. పిల్లలూ, వాటిని పగలగొట్టకండి. పెద్దలూ, పాతది చెత్తలో వేయక, కొత్తది కొనే అంగడిలోనే ఇచ్చేయండి.