జొన్న మొక్క ఎత్తు: జన్యువులు, చొప్ప

హైదరాబాదు నుండి పటాన్‌చెరు, ఇస్నాపూర్‌ల మీదుగా జహీరాబాదు వైపు సాగే రహదారి నేడు ప్రధానంగా కర్మాగారాల దారి. ఈ దారిలోనే, పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ జన్యునిధిలో దాదాపు 40 వేల జొన్న నమూనాలు భద్రంగా ఉన్నాయి. జొన్నలో మనిషి నడుము దాటని రకాలూ ఉన్నాయి, మనిషికి రెండింతలు ఎదిగే రకాలూ ఉన్నాయి. ఒకే పంటలో ఇంతటి భేదం ఎలా ఏర్పడింది, దాని వల్ల రైతుకు కలిగే లాభనష్టాలేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

జొన్న ఎత్తును నియంత్రించే నాలుగు ప్రధాన జన్యుస్థానాలను అమెరికా శాస్త్రవేత్తలు క్విన్‌బీ, కార్పర్‌లు 1954లో నిర్ధారించారు. వీటిని డీడబ్ల్యూ1 నుండి డీడబ్ల్యూ4 వరకు గల సంకేతాలతో వ్యవహరిస్తారు. పొడుగు లక్షణం బహిర్గతం, సంపూర్ణంగా కాకపోయినా. పొట్టి లక్షణం అంతర్గతం. పొట్టి రూపాల ప్రభావం ముఖ్యంగా కణుపుల నడిమి దూరం మీదనే ఉంటుంది. ఆకుల సంఖ్య, పూతకాలం దాదాపు మారవు. కనుక పొట్టి జొన్నను కణుపులు దగ్గరపడిన మొక్కగా అర్థం చేసుకోవాలి.

వీటిలో మూడవ స్థానం కథ విశేషమైనది. మొక్క కొన నుండి కిందికి ప్రవహించే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోనును కణం నుండి కణానికి చేరవేసే ప్రోటీనును ఈ జన్యువు తయారు చేస్తుందని 2003లో ముల్తానీ బృందం వెల్లడించింది. అది పనిచేయకపోతే కాండపు కింది కణుపుల మధ్య భాగాలు సాగవు. మొక్కజొన్నలోనూ ఇదే జన్యువు లోపించి పొట్టి మొక్కలు ఏర్పడ్డాయి. అయితే జొన్నలోని లోపం విచిత్రమైనది: జన్యువులో 882 అక్షరాల భాగం ఒకదాని వెంట ఒకటిగా రెండుసార్లు నమోదైంది. క్షయకరణ విభజనలో అసమాన వినిమయం జరిగి అదనపు ప్రతి తొలగిపోతే జన్యువు మళ్లీ పనిచేస్తుంది. పొట్టి చేలో అక్కడక్కడ ఒక మొక్క తలెత్తి నిలిస్తే దానిని విత్తన కల్తీగా రైతు అనుమానించడం సహజం. కల్తీ ఏమీ లేకుండానే అలా జరిగే అవకాశం ఉంది.

ఇక ప్రయోజనం మాట. అమెరికాలో కోతయంత్రానికి అందేలా కాండాన్ని కురచ చేశారు. కంబైన్ కాఫిర్-60 అనే రకం పేరులోనే ఆ యంత్రం ఉంది. 1964లో విడుదలైన భారతదేశపు తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1కు తల్లి ఆ రకమే. కానీ దక్కన్ రైతు జొన్నలో గింజతో పాటు చొప్పనూ లెక్కిస్తాడు. ఎండాకాలంలో పశువుల మేత అదే. రబీలో పొడుగాటి మాల్దండి రకం ఇంతకాలం నిలవడానికి చొప్ప ఒక ముఖ్య కారణం. కాండం పొడవును కేవలం దిగుబడికి అడ్డంకిగా చూసే దృష్టి ఈ నేలకు సరిపోదు.

ఈ చిక్కుకు జన్యుశాస్త్రంలోనే ఒక మార్గం ఉంది. వేర్వేరు స్థానాల్లో పొట్టి రూపాలు గల రెండు రకాలను సంకరపరిస్తే, ఒకదాని లోపాన్ని మరొకదాని బహిర్గత రూపం పూరించి, సంతతి తల్లిదండ్రుల కన్నా పొడుగ్గా ఎదుగుతుంది. అప్పుడు విత్తనోత్పత్తి క్షేత్రంలో మొక్కలు పొట్టిగానే ఉంటాయి, రైతు చేలో మాత్రం చొప్ప దక్కుతుంది.